గుర్రాలను మంచు చంపలేదు

మా సారు పోయిన సంగతి నాకు శనివారం పొద్దున ఎనిమిది గంటలకు తెలిసింది. ఫోను మోగింది. తెర మీద ‘సారు’ అని కనబడింది. శనివారం ఎనిమిదికి ఆ ఫోను రావడం నాలుగు నెలలుగా అలవాటే కాబట్టి నాకు ముందు పుట్టింది భయం. ఆయన ఏం అడుగుతారో తెలుసు. ఏ అబద్ధం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుని ఉన్నాను. స్టవ్ తగ్గించి, గొంతు సవరించుకుని, “చెప్పండి సార్” అన్నాను. అవతల మాట్లాడింది ఆయన భార్య. సారు దగ్గర చదివిన మేమంతా ఆమెను అమ్మ అనే పిలుస్తాం. తెల్లవారుజామున పుట్టపర్తి ఆస్పత్రిలోనే సారు ప్రాణం పోయిందని, మధ్యాహ్నానికి ఊరికి తెస్తామని చెప్పింది.

ఆ మాట విన్నాక నా మనసులో మొదట మెదిలిన ఆలోచన దాచుకోకుండా రాస్తాను. ‘ఇక అడగరు’ అనుకున్నాను. ఒక్క రెప్పపాటు గుండె తేలికైంది. ఆ తర్వాత వంటింటి గట్టు పట్టుకుని ఏడ్చాను గానీ, ముందు తేలికైన మాట నిజం. ఆ రెప్పపాటు నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సారు పెనుకొండ హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఎనిమిది నుంచి పది దాకా నేను ఆయన దగ్గర చదువుకున్నాను. ఇప్పుడు హిందూపురంలో ఒక బడిలో నేనూ అదే సబ్జెక్టు చెబుతున్నాను. సారు మనిషి పొట్టి. తెల్ల చొక్కా, జేబులో రెండు వైపులా చెక్కిన ఎర్ర పెన్సిలు. పేపర్లు దిద్దడానికీ, పుస్తకంలో గీత గీయడానికీ, పంచాంగంలో సెలవులు గుర్తు పెట్టుకోవడానికీ అదే పెన్సిలు. వాళ్లది రొద్దం పక్క పల్లె, తరాలుగా గొర్రెలు మేపుకునే ఇల్లు. వాళ్ల నాయన జీవాలకు ఎర్రమన్నుతో గుర్తు పెట్టేవారట. “మా ఇంట్లో గుర్తంటే ఎరుపే” అని సారు నవ్వేవారు.

తొమ్మిదో తరగతిలో నెపోలియన్‌కు ఉన్నవి రెండే పేజీలు. సారు వాటిని మూడు వారాలు చెప్పేవారు. ఆ మూడు వారాల్లో నెపోలియన్ మాత్రం బస్సు కిటికీలోంచి కనబడిన మనిషిలా ఒకసారి కనబడి పోయేవాడు. మిగతా అంతా గుర్రాలు, గుర్రాల మీద కూర్చున్న అధికారులు. వాళ్లను సారు ‘గుర్రపు దొరలు’ అనేవారు. యుద్ధం గెలిచిన రాజు పేరు పుస్తకంలో ఉంటుంది, దొర పేరు ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, గుర్రం పేరు ఉండనే ఉండదు, కాబట్టి మనం కింది నుంచి చదువుకుంటూ పోదాం అనేవారు.

ఒకరోజు బెంచీ మీద గోనెసంచి మడిచి వేసి నన్ను ఎక్కి కూర్చోమన్నారు. నా చేతిలో ఒక చీటీ పెట్టారు. అది సేనాధిపతి పంపిన ఉత్తర్వట. మైలు అవతల ఉన్న దళానికి నేను దాన్ని అందించాలి. నడుమ పొగ, ఫిరంగులు. పొద్దున నుంచి రెండు గుర్రాలు నా కింద పడిపోయాయి, ఇది మూడోది. ఇప్పుడు ఏం చేస్తావని అడిగారు. దౌడు తీస్తానన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. సారు మాత్రం గోనెసంచిని నిమిరి, “దీనికి నీళ్లు పెట్టి ఎంతసేపాయనో ఒగరన్నా అడగరే?” అన్నారు. ఆ ఏడు పరీక్షలో ఆయన ఇచ్చిన ప్రశ్న కూడా అలాంటిదే: ఆ రోజు గుర్రం ఏం తిన్నది?

గుర్రం వైపు నుంచి చూసే ఆ పిచ్చి ఆయనకు హిందూపురంలో పట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టేషను నుంచి బడికి జట్కాలో పోయేవారు. దారిలో ఒక మిట్ట ఉంది. అక్కడికి రాగానే జట్కా ముసలాయన బండి ఆపేవాడు. ఎక్కినవాళ్లంతా దిగి మిట్ట పైదాకా నడవాలి, పైన మళ్లీ ఎక్కాలి. ఒకసారి ఎవరో పెద్ద ఉద్యోగి తాను దిగనన్నాడట. ముసలాయన పగ్గం వదిలేసి రోడ్డు పక్కన కూర్చుని బీడీ వెలిగించాడు. ఉద్యోగి అరిచాడు, బెదిరించాడు, చివరకు దిగాడు. అప్పుడు ముసలాయన బీడీ ఆర్పి లేచాడు. “గుర్రమెక్కేది ఎవురైనా ఎక్కుతారు. యాడ దిగాల్నో తెలిసినోడే రౌతు” అని సారు జీవితమంతా చెప్పిన మాట ఆ ముసలాయనదే. ‘రౌతు కొద్దీ గుర్రం’ అని మేమెవరమైనా అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. అది రౌతులు కట్టిన సామెత, గుర్రాన్ని అడిగి కట్టింది కాదు అనేవారు.

ఆ అలవాటు ఆయనను చివరిదాకా వదల్లేదు. షేర్ ఆటో మిట్ట ఎక్కుతుంటే దిగేసేవారు. నా స్కూటీ మీద కూర్చున్నా అంతే, పెనుకొండలో కొండవైపు ఎత్తు మొదలవగానే భుజం తట్టేవారు. ఇది పెట్రోలు బండి సార్ అంటే, తెలుసులే, అలవాటు పోగొట్టుకుంటే రేపు నిజంగా గుర్రం ఎక్కినప్పుడు మరిచిపోతాను అనేవారు. నవ్వుకునేదాన్ని. గుండె జబ్బు బయటపడ్డాక ఆ నవ్వు పోయింది. ఆయన మిట్ట మీద ఒక్కో అడుగూ వేస్తుంటే నేను బండి పట్టుకుని పక్కనే నడుస్తూ ఆయన ఊపిరినే వినేదాన్ని.

ఇక ఆ పుస్తకం సంగతి. ధర్మవరంలో టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో, పాత కాగితాలు కొనే కొట్లో సారుకు ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు, ముందు భాగం ఊడిపోయింది. ఒక గుర్రపు దొర రష్యా మీదికి పోయి, ఓడి వెనక్కి వచ్చిన తన కథ రాసుకున్నాడు. పుస్తకం సగం వాక్యంతో మొదలవుతుంది, ఆ వాక్యంలోనే మంచు కురుస్తూ ఉంటుంది. సారు నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని రెండేళ్లు చదివారు. మా తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అది ఆయన నోట్లో నానిన కథ అయిపోయింది.

ఆ కథ విన్నవాళ్లం ఎవరం మరిచిపోలేదు. సైన్యం వెనక్కి తిరిగింది. దారంతా మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. దొర ఎక్కిన ఆడగుర్రం ఒక ఏటవాలులో జారి పడింది. లేవాలని మూడుసార్లు చూసింది, ముందు కాళ్లు నిలవలేదు. దొర దిగి దాని మెడ పట్టుకున్నాడు. అది ఇతని చేతిని నాకింది. దళం ముందుకు వెళ్లిపోతోంది, ఆగితే ఇతనూ మిగలడు. ఒంటి మీది ఉన్ని దుప్పటి తీసి గుర్రం మీద కప్పాడు. ఆ చలిలో ఉత్త చొక్కాతో నడిచిపోయాడు. ఇక్కడ సారు కాసేపు ఆగేవారు. తర్వాత, “మంచు చంపింది పిల్లోల్లారా. మనిషి చేతుల్లో ఏముండాది?” అని సుద్దముక్క కింద పెట్టేవారు. అందరం ఏడ్చేవాళ్లం.

నేను టీచరునయ్యాక అదే కథ, అదే ఆగడం, అదే మాట నా క్లాసులోకి తెచ్చుకున్నాను. పదిహేనేళ్లుగా ప్రతి ఏడూ చెప్పాను. ఆ పాఠం రోజు పక్క క్లాసు టీచర్లు వచ్చి తలుపు దగ్గర నిలబడేవారు. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం చూశాను. నాకు టీచరుగా పేరు తెచ్చింది అదొక్కటే. మిగతా పాఠాలు అందరిలాగే చెబుతాను.

కిందటి ఏడు వేసవి సెలవుల్లో ఊరికే కూర్చుని ఫోనులో వెతుకుతుంటే ఆ పుస్తకం పూర్తి ప్రతి దొరికింది. హిందూపురంలో జిరాక్స్ కొట్లో ముద్రించి, స్పైరల్ వేయించి, పెనుకొండ తీసుకెళ్లి సారు చేతిలో పెట్టాను. ఆయన మొదటి పేజీ తెరిచి చాలాసేపు చూశారు. ఇన్నేళ్లకు దీని ముఖం చూశానని సంబరపడ్డారు. అమ్మ ఇద్దరికీ రాగి మాల్ట్ ఇచ్చింది. ఆ సాయంత్రమంతా ఆయన చిన్నపిల్లాడిలా ఉన్నారు. నేను గొప్ప పని చేశానని మురిసిపోతూ ఇంటికి వచ్చాను.

నాలుగో రోజు ఫోను చేసి ఉన్నపళంగా రమ్మన్నారు. వెళ్లేసరికి వసారాలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పేజీల నిండా ఎర్ర గీతలు. ఊడిపోయిన భాగంలో ఏముందో నాకు చదివి వినిపించారు. దాన్లో మంచు లేదు, ఎండాకాలం ఉంది. సైన్యం సరిహద్దు నది దాటింది జూన్ నెలలో. ఎండ, దుమ్ము, విరామం లేని నడక. మేత బండ్లు వెనకబడిపోయాయి. పక్క పొలాల్లో గింజ ముదరని పచ్చి పైరు ఉంది, మన గోధుమ లాంటిదే. కోసి గుర్రాలకు వేశారు. దానిపైన పెద్ద వాన. తెల్లారేసరికి దారి పొడుగునా కడుపులు ఉబ్బిన గుర్రాలు వేలకొద్దీ పడి ఉన్నాయి. శత్రువు ఇంకా కనబడనే లేదు.

ఇంకో పేజీ తిప్పారు. దళాధిపతులు తొందరపెట్టారని దొరలు రోజుల తరబడి జీను విప్పలేదు. నడవగలిగిన చోటా దిగి నడవలేదు. జీను కింద వీపులు పుండ్లు పడి కుళ్లిపోయాయి. వెనక వచ్చేవాళ్లు ఆ వాసనకు ముక్కు మూసుకున్నారు. చలి వచ్చేలోపల గిట్టలకు మంచుగడ్డ మీద జారని నాడాలు కొట్టించాలి. ఆ ఉత్తర్వు ఎవరూ ఇవ్వలేదు. కొట్టించుకున్న దళాల గుర్రాలు అదే మంచు మీద నడిచి పోయాయి. ఇదంతా ఆ దొరే రాసుకున్నాడు. ఉన్ని దుప్పటి మాత్రం పుస్తకంలో ముందూ లేదు, వెనకా లేదు.

“దుప్పటి నేను కప్పిందే పాపా. చెప్పీ చెప్పీ యాడ్నో కలిపేసుకుంటిని,” అన్నారు సారు. “మంచు చంపిందంటిని. చచ్చినవాట్లో శానామటుకు మంచును చూడనే లేదు.”

నేను తేలిగ్గా తీసుకున్నాను. పిల్లలకు కథ చెప్పాం సార్, పరీక్షలో అది రాదు కదా అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు బాగా గుర్తుంది. కోప్పడలేదు. పుస్తకం మూసి, నాకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

ట్రైనింగు రోజుల్లోనే, సెలవులకు ఊరికి వచ్చినప్పుడు, వాళ్ల నాయన మడకశిర సంతకు పోతూ ఒక్క పూట జీవాలను చూసుకోమన్నారట. కోసిన జొన్న మోళ్లకు వానకు పిలకలు వచ్చి ఉన్నాయి, అటు పోనీయొద్దని మరీ మరీ చెప్పి వెళ్లారు. లేత జొన్న తింటే గొర్రె చచ్చిపోతుందని మా వైపు ఎవరికైనా తెలుసు. సారు గట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచారు. అదే పుస్తకం, మంచు కురిసే పేజీ. తల ఎత్తేసరికి మంద పిలకల్లో ఉంది. పన్నెండు జీవాలు రొప్పుతూ, తూలుతూ పడిపోయాయి. సంత నుంచి వచ్చిన నాయన వాటి నోళ్ల దగ్గర పచ్చటి నురగ చూశారు. తలగుడ్డ తీసి, పన్నెండింటి మూతులూ శుభ్రంగా తుడిచారు. ఊరివాళ్లు వచ్చేసరికి, వానలో తడిసి చలిగాలి తగిలి పోయాయని చెప్పారు.

“సదువుకునే కొడుకు మాట పోగూడదని తుడిసె. నేనూ చలిగాలే అనుకుంటా బతికితి,” అన్నారు సారు. “నాయనకు ఒగసారన్నా చెప్పుకోవాల్సింది. ఆయప్ప పోయె. చెప్పాల్సినోల్లు ఉండంగానే చెప్పాల పాపా.”

ఆ మరుసటి వారం నుంచి ఆయన బయల్దేరారు. ఒక నోటుపుస్తకంలో, గుర్తొచ్చినంతవరకు తన దగ్గర చదివినవాళ్ల పేర్లు రాసుకున్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, నేను తప్పు చెప్పాను, గుర్రాలను మంచు చంపలేదు, అని చెప్పడం, వచ్చి పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టుకోవడం. ఫోనులో చెబుదాం, గ్రూపులో పెడదాం అంటే వినలేదు. గుండె డాక్టరు ఎక్కువ తిరగొద్దన్నాడు. అమ్మ అరిచింది, బతిమాలింది, చివరకు సారుకు గుర్రాల దయ్యం పట్టిందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. తాయెత్తు కట్టిద్దామా అని నన్ను కూడా అడిగింది.

ఆదివారాలు నేను తోడు పోయేదాన్ని. ధర్మవరంలో ఒకాయన పట్టుచీర మగ్గం మీద ఉన్నాడు. సారు చెప్పిందంతా ఓపిగ్గా విని, “పదో తరగతి పాసై ఇరవై ఏండ్లాయ సార్. ఇప్పుడు మార్కులు తీసేస్తారా ఏమి?” అన్నాడు. సారు కూడా నవ్వారు. కానీ మేం వీధి మలుపు తిరుగుతుంటే అతను మగ్గం దిగి వెనకే వచ్చాడు. మరి ఆ దుప్పటి కూడా అబద్ధమేనా సార్ అని అడిగాడు. అవునన్నారు సారు. అతను ఆ కథ తన కూతురికి కూడా చెప్పానని, ఇప్పుడు ఏం చెప్పాలని విసురుగా అడిగి వెళ్లిపోయాడు. సారు ముఖంలో ఆ రోజు నాకు తృప్తి కనబడింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

నా పేరు ఆ నోటుపుస్తకంలో చివరిది. నాకు తెలిసిందే కదా, నాకు మళ్లీ చెప్పేదేముందన్నాను. సారు ఒప్పుకోలేదు. నా ద్వారా పదిహేనేళ్లుగా పిల్లలు అదే నమ్మారు, వాళ్లందరినీ పట్టుకోలేం గానీ, ఇప్పుడు క్లాసులో ఉన్నవాళ్లకైనా సరిదిద్దమన్నారు. ఆ ఏడు నేను జూలైలోనే, అన్నీ తెలిసి కూడా, పాఠం చెప్పేశాను, దుప్పటితో సహా. పిల్లలు ఎప్పటిలాగే ఏడ్చారు. అలాగే సార్, సోమవారం చెబుతానన్నాను.

సోమవారం చెప్పలేదు. ఆ పైన యూనిట్ టెస్టులు, తర్వాత ఆటల పోటీలు. సాకులకేం కరువు. ఒకరోజు బోర్డు దగ్గర నిలబడి మొదలుపెట్టబోయాను కూడా. ముందు బెంచీలో పిల్లలు నా వైపు చూస్తున్నారు. ‘మీ అందరినీ ఏడిపించిన దుప్పటి అబద్ధం’ అని ఎలా చెప్పను? చెప్పాక వాళ్లు నా మాట దేన్ని నమ్ముతారు? పటం తగిలించి నదుల పాఠం చెప్పేసి బయటికి వచ్చాను.

శనివారం ఎనిమిదికి ఫోను. “చెప్పితివా పాపా?” లేదు సార్, వచ్చేవారం. మళ్లీ శనివారం. “చెప్పితివా?” శుక్రవారం సాయంత్రం నుంచే ఏ సాకు చెప్పాలా అని వెతుక్కునేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అదే ఇంకా కష్టంగా ఉండేది. ఈలోగా ఆయన ఆరోగ్యం దిగజారింది. నాలుగడుగులకు ఆయాసం. పుట్టపర్తి ఆస్పత్రిలో ఆపరేషను చేయాలన్నారు, చేసినా ఎంతవరకు అనేది చెప్పలేమన్నారు.

ఆపరేషనుకు ముందు శనివారం ఆస్పత్రి మంచం మీద నుంచే ఫోను చేశారు. గొంతు బాగా సన్నగిల్లింది. అదే ప్రశ్న. ఆ స్థితిలో ఆయనకు లేదు అనే మాట చెప్పలేకపోయాను. కాదు, ఇదీ నాకు నేను కప్పుకున్న దుప్పటే. నాకు ఆ ఫోను ఆగిపోతే చాలనిపించింది.

“చెప్పినాను సార్,” అన్నాను.

కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. “పిల్లోల్లు ఏమన్నారు?”

అది నేను ఊహించలేదు. “బాధపడినారు సార్.”

“బాధపడరే,” అన్నారు సారు మెల్లగా. “కోపం చేసుకుంటారు.” అంతే అని ఫోను పెట్టేశారు. ఆ వారమంతా ఆ మాట పట్టుకుని నలిగిపోయాను. తెలిసిపోయిందా, తెలియలేదా? వచ్చే శనివారం మళ్లీ అడిగితే, పిల్లలు కోపం చేసుకున్నారు సార్ అని దిద్దుకుందామనుకున్నాను. నేను సిద్ధం చేసి పెట్టుకున్న అబద్ధం అదే. ఆ శనివారం ఫోను చేసింది అమ్మ.

మధ్యాహ్నం రొద్దం దాటి వాళ్ల పల్లెకు బయల్దేరాం. ముందు వ్యాన్‌లో సారు, పక్కన అమ్మ, ఇద్దరు బంధువులు. వెనక ఆటోల్లో మేము. ఊరి ముందర చిన్న మిట్ట ఉంది. వ్యాను దాని మొదట్లో ఆగిపోయింది. చెడిపోయిందేమోనని దిగి చూశాను. అమ్మ కిందికి దిగుతోంది. కొంగు నడుముకు దోపుకుని, డ్రైవరుతో నువ్వు పోనీ అప్పా అంది. వ్యాను మెల్లగా ఎక్కుతుంటే దాని వెనక నడవడం మొదలుపెట్టింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ధర్మవరం మగ్గం ఆయన దిగాడు, సారు దగ్గర చదివిన బస్సు కండక్టరు ఒకాయన దిగాడు, ఆటోలన్నీ ఖాళీ అయ్యాయి. ఆ ఎండలో మిట్ట పైదాకా అందరం నడిచాం. పైన మళ్లీ ఎక్కాం.

పదకొండో దినం కార్యం అయ్యాక అమ్మ నన్ను లోపలికి పిలిచి నోటుపుస్తకం చేతికిచ్చింది. దాదాపు అందరి పేర్ల పక్కనా ఎర్ర గుర్తులు. కొందరి దగ్గర, ఇతను దుబాయిలో ఉన్నాడు, ఈమె పోయింది, అని రాసి ఉంది. చివరి పేజీలో నా పేరు. పక్కన గుర్తు లేదు. వణికిన అక్షరాలతో రెండు మాటలున్నాయి: ‘చెప్పలేదు. చెప్తుంది.’

ఎప్పుడు రాశారని అమ్మను అడిగాను. ఆస్పత్రిలో, నాతో ఫోను మాట్లాడాక, పెన్సిలు అడిగి తీసుకున్నారట. అమ్మ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, ఇది నా దగ్గరే ఉండనీ అని సొరుగులో పెట్టేసింది. నా మీద ఆమెకు కోపముందో లేదో ముఖంలో తెలియలేదు.

మరుసటి రోజు మొదటి పీరియడే నాది. హాజరు తీసుకున్నాక బోర్డు వైపు తిరగకుండా, పిల్లల వైపే నిలబడి చెప్పాను. నది దాటడం, పచ్చి పైరు, విప్పని జీను, కొట్టించని నాడాలు. దుప్పటి లేదని చెప్పాను. ఇది నాకు వేసవి సెలవుల్లోనే తెలుసని కూడా చెప్పాను. కుర్చీ వీపు పట్టుకున్నాను. ఒక్కరూ ఏడవలేదు.

మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉంది, రొద్దం వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో చదువుకుంటోంది. వాళ్లింట్లో జీవాలున్నాయి. జూలైలో దుప్పటి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆ పిల్లే. చేయి ఎత్తకుండానే లేచింది. ముఖం ఎర్రబడింది.

“పచ్చిమేత మేపితే చస్తాయని మా అవ్వకు గూడా తెలుసు మేడం. అంత పెద్ద పెద్ద దొరలు, వాల్లకి తెలీదా? తెలిసీ మేపినారా?” అంది. తెలిసే ఉండాలి అన్నాను. “మీకు తెలిసీ మాకు ఇన్నాళ్లు చెప్పలేదా?” అంది. నేను అవునన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. పుస్తకం విసురుగా మూసి, బెల్లు కొట్టేదాకా అలాగే నిలబడింది. నేనూ కూర్చోమనలేదు. ఇద్దరం నిలబడే ఉన్నాం.

శనివారం వచ్చింది. ఎనిమిది కొట్టింది. ఫోను మోగదని తెలుసు. అయినా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. చివరకు నేనే చేశాను, సారు నంబరుకే. మోగుతూ ఉంటే పాత భయమే పుట్టింది. అమ్మ ఎత్తింది. ఎవరని అడగలేదు, క్షేమం అడగలేదు.

“చెప్పితివా పాపా?” అంది.

“చెప్పినానమ్మా.”

“పిల్లోల్లు ఏమన్నారు?”

“కోపం చేసుకున్నారమ్మా.”

అమ్మ ఫోను నోటికి దూరంగా పెట్టుకున్నట్టుంది, గొంతు గది అవతలి నుంచి వినిపించింది. “ఇదో, వింటివా,” అంటోంది ఎవరితోనో. “కోపం చేసుకున్నారంట.”

ఫోను పెట్టేయలేదు. సొరుగు లాగిన చప్పుడు, తర్వాత పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత కాగితం మీద పెన్సిలు గీసే చప్పుడు కోసం నేను చెవి ఆనించుకుని కూర్చున్నాను.